పిల్లల పాటల్ని తమాషాగా మార్చి ఒకటో తరగతిలో, మూడో తరగతిలో చెప్పొచ్చా?

చెప్పొచ్చు. కాకపోతే మీరు ఒకటో తరగతినీ మూడో తరగతినీ కలిపి అడిగారు, చిక్కంతా అక్కడే ఉంది. ప్రైమరీ స్కూల్లో 14 ఏళ్ళుగా పాఠాలు చెబుతూ నేను తిన్న మొట్టికాయలు చెబుతాను.

ఒకసారి ఒకటో తరగతిలో "చిట్టి చిలకమ్మా" పాడిస్తూ "అమ్మ కొట్టిందా" అనేచోట "అమ్మ పిలిచిందా" అని మార్చాను. బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది, ఇక పాటలో దెబ్బలెందుకని నా ఆలోచన. ముందు వరసలో ఒకడు లేచి, "తప్పు టీచర్! అమ్మ పిలిస్తే ఇంటికెళ్ళాలి గానీ తోటకెందుకెళ్తుంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అసలు పాట నోటికొచ్చి కొన్నాళ్ళు నలిగితే తప్ప మార్చిన పాటకి నవ్వు రాదు. ఆ వయసులో అది తమాషా కాదు, టీచర్ చేసిన తప్పు.

(మన అసలు పాటలేమీ తక్కువ తినలేదు. బుర్రుపిట్ట చివరికి మొగుడి చేత మొట్టికాయ తింటానంటుంది. నేను ఆ ముక్క దగ్గరికి వెళ్ళకుండానే ఆపేస్తాను.)

మూడో తరగతిలో అయితే పిల్లలు పడీ పడీ నవ్వుతారు. అక్కడే నేను బోల్తా పడ్డాను. ఏనుగు పాటని "మా బడికొచ్చిందేనుగు, అన్నం తిన్నదేనుగు, రెండో గుడ్డడిగిందేనుగు" అని మార్చాను. క్లాసంతా గోల గోల. మధ్యాహ్న భోజనం లైన్లో కాస్త బొద్దుగా ఉండే ఒక అమ్మాయి వెనక నిలబడి నలుగురు అదే పాట ఎత్తుకున్నారు. మర్నాడు ఆ పిల్ల ప్లేటు పట్టుకుని లైన్లోకి రాలేదు, ఆకలి లేదంది. పాటలో చెడ్డ మాట ఒక్కటీ లేదు, కానీ అది వెళ్ళి ఎవరికి తగులుతుందో నేను చూసుకోలేదు.

అప్పట్నుంచి పాటలో వెక్కిరించేది నన్నే. ఎత్తుగడ నేనిస్తాను: "టీచరమ్మ వచ్చింది, కళ్ళజోడు మరిచింది, కుర్చీ అనుకుని బుట్టలోన కూచుంది". తర్వాతి లైన్లు వాళ్ళు కట్టాలి. ప్రాస కుదిరేదాకా వేళ్ళు లెక్కపెట్టుకుంటూ కొట్టుకుంటారు, వ్యాకరణం పాఠానికి అంత శ్రద్ధ నేనెప్పుడూ చూడలేదు.

మొదటిసారి చెయ్యెత్తింది ఆ అమ్మాయే: "ఉప్పనుకుని పప్పులోన సుద్దపొడి కలిపింది."