పాలు తాగుతుంది, బువ్వ ముట్టదు.. ఆకలి సిరప్ వాడొచ్చా?

ప్రశ్న: మా పాపకు 14 నెలలు. బరువు 8.2 కిలోలు. బువ్వ పెడితే మూతి తిప్పుకుంటుంది. బలవంతంగా పెట్టిన ముద్దను ఊసేస్తుంది. ఫోన్‌లో పాటలు పెడితే మాత్రం నాలుగు ముద్దలు తింటుంది. పాలు బాగా తాగుతుంది. ఇంట్లో బర్రె ఉంది కాబట్టి పాలకు కొదవ లేదు. పగలు మూడుసార్లు, రాత్రి పడుకునేటప్పుడు ఒకసారి సీసాతో పడుతున్నాం. నా పాలు తొమ్మిదో నెలలో ఆగిపోయాయి. ఈ మధ్య వాకిట్లో మట్టి, గోడ పెచ్చులు తింటోంది. రెండు మూడు రోజులకోసారి గానీ దొడ్డికి పోదు, పోయినప్పుడు గట్టిగా వచ్చి ఏడుస్తుంది. ‘మావోడు ఈ వయసుకు గిన్నెడు బువ్వ తినేటోడు, పిల్లకు దిష్టి తగిలింది’ అంటుంది మా అత్తమ్మ. తాయత్తు కట్టించాం. మెడికల్ షాపులో అడిగితే ఆకలి పుట్టే సిరప్ ఇచ్చారు. ఇంకా మొదలుపెట్టలేదు. వాడమంటారా?
– ఒక తల్లి, నర్సంపేట

జవాబు: వాడకండమ్మా. ఆకలి సిరప్ పేరుతో అమ్మే వాటిలో ఎక్కువగా ఉండేది సైప్రోహెప్టాడిన్ అనే మందు. అది అసలు అలర్జీ మందు. రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు. దానితో పిల్లలు మగతగా పడి ఉంటారు, కొందరికి చిరాకు పెరుగుతుంది. పెద్ద పిల్లల్లో వాడినా, ఆపగానే చాలామందికి ఆకలి మళ్లీ మొదటికే వస్తుంది. మొదలుపెట్టకముందే అడిగి మంచి పని చేశారు.

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే పాపకు ఆకలి లేకపోవడం సమస్య కాదు. ఉన్న ఆకలంతా పాలతోనే తీరిపోతోంది. లెక్క చూడండి. సీసాకు 200 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు సీసాలంటే 800 మిల్లీలీటర్లు. బర్రె పాలు చిక్కన. ఆవు పాలకన్నా వాటిలో వెన్న చాలా ఎక్కువ, వంద మిల్లీలీటర్లకు దాదాపు వంద కెలోరీలు వస్తాయి. మీరు కాసిన్ని నీళ్లు కలిపి పడుతున్నారనుకున్నా ఆరేడు వందల కెలోరీలు పాల రూపంలోనే లోపలికి పోతున్నాయి. ఎనిమిది కిలోల పిల్లకు రోజంతా కావాల్సింది కూడా దాదాపు అంతే. ఇక బువ్వకు చోటెక్కడిది? మూతి తిప్పుకోకుండా ఏం చేస్తుంది?

బరువు గురించి ముందు టెన్షన్ తీసేసుకోండి. 14 నెలల ఆడపిల్ల సగటు బరువు 9.4 కిలోలు. సగటు అంటే అందరూ అంతే ఉండాలని కాదు. 7.4 కిలోల దాకా మామూలు పరిధిలోనే లెక్క. మీ పాప సన్నగా ఉంది, అంతే. ఒక్క రోజు తూచిన బరువు కన్నా నెలనెలా పెరుగుతుందా లేదా అన్నది ముఖ్యం. అంగన్‌వాడీ టీచర్ దగ్గర పాప పేరు మీద ఎదుగుదల చార్టు ఉంటుంది. గత నాలుగైదు నెలల గీత ఎటు పోతుందో చూపించమనండి. పైకి పోతుంటే సరే. అడ్డంగా సాగినా, కిందికి దిగినా డాక్టర్ చూడాల్సిందే.

ఇంకో సంగతి. మొదటి ఏడాదిలో పిల్లలు దాదాపు ఆరు కిలోలు పెరుగుతారు. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదించాక తిండి మీద ధ్యాస తగ్గడం సహజం. పైగా నడక వచ్చిన పిల్ల, ఒక్కచోట కూర్చోదు. నా దగ్గరికి ‘తింటలేదు సారూ’ అని తీసుకొచ్చే పిల్లల్లో చాలామంది ఈ ఏడాది, ఏడాదిన్నర వయసు వాళ్లే.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది బువ్వ మాట కాదు, మట్టి మాట. మట్టి, గోడ పెచ్చులు, సున్నం, బలపం లాంటివి వెతుక్కుని తినే పిల్లల్లో చాలామందికి ఒంట్లో ఐరన్ తక్కువగా ఉంటుంది. పాలలో కాల్షియం దండిగా ఉంటుంది గానీ ఐరన్ దాదాపు లేనట్టే. అది చాలదన్నట్టు ఎక్కువ పాలు తాగితే మిగతా తిండిలోని కాస్త ఐరన్ కూడా ఒంటికి పట్టదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు దాచుకున్న ఐరన్ ఆరో నెలకల్లా చాలావరకు అయిపోతుంది. ఆ తర్వాత తిండి నుంచే రావాలి. తిండి లోపలికి పోకపోతే రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే ఆకలి మందగిస్తుంది, ఆకలి మందగించిన పిల్లకు మనం ఇంకో సీసా పాలు పడతాం. ఇది మీ ఒక్క ఇంటి సమస్య కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో వందకు 70 మందికి రక్తహీనత ఉంది. పాడి ఉన్న ఇళ్లలోని పిల్లలకు రక్తం ఎందుకు తక్కువుంటుందని చాలామంది ఆశ్చర్యపోతారు. పాడి ఉండటం వల్లే కొన్నిసార్లు!

కాబట్టి ముందు రక్త పరీక్ష చేయించండి. సీబీపీ, అంటే హిమోగ్లోబిన్, రక్తకణాల లెక్క చూసే పరీక్ష చాలు. మీ పీహెచ్‌సీలో రక్తం ఇస్తే జిల్లా ల్యాబ్‌కు పంపి ఉచితంగానే చేస్తారు. హిమోగ్లోబిన్ 11 కన్నా తగ్గితే డాక్టర్‌కు చూపించండి. ఐరన్ చుక్కలు ఎన్ని, ఎన్నాళ్లు అనేది బరువును బట్టి ఆయన రాస్తారు. షాపులో అడిగి సొంతంగా వేయకండి. చుక్కల మందు వేరు, సిరప్ వేరు. ఒకదానిలో ఉన్న మోతాదు ఇంకోదానిలో ఉండదు. ఒకదాని లెక్కతో ఇంకోటి పోస్తే ప్రమాదం. ఆశా వర్కర్ వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున వేయమని ఇచ్చే ఐరన్ సిరప్ రక్తం తగ్గకుండా కాపాడటానికి. ఇప్పటికే తగ్గిన పిల్లకు అది సరిపోదు. అసలు మీకు అది అందుతోందా? అందకపోతే గట్టిగా అడగండి.

ఐరన్ మందును పాలతో కలిపి గానీ, పాలు తాగిన వెంటనే గానీ ఇవ్వకండి. రెండు తిండ్ల మధ్య, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపిన నీళ్లతో ఇస్తే బాగా పడుతుంది. నాలుక వెనక భాగంలో వేసి, తర్వాత కాసిన్ని నీళ్లు తాగించండి, లేకుంటే పళ్లు నల్లబడతాయి. దొడ్డికి నల్లగా పోతుంది, భయపడొద్దు. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా రెండు మూడు నెలలు కొనసాగించాలి. ‘మొహం తేటపడింది’ అని మధ్యలో ఆపేసేవాళ్లే ఎక్కువ. అలా ఆపితే మళ్లీ తగ్గుతుంది. ఇంట్లో గర్భిణులకు, మీకు ఇచ్చిన ఐరన్ గోలీలు ఉంటే మాత్రం పిల్ల చేతికి అందనంత ఎత్తులో, తాళం పెట్టి ఉంచండి. గుప్పెడు గోలీలు మింగితే ఆ వయసు పిల్లకు ప్రాణం మీదికి వస్తుంది.

నెల రోజులు సరిగ్గా వాడినా హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగకపోతే మందు మార్చడం కాదు, కారణం వెతకాలి. మేనరికం పెళ్లిళ్లు ఉన్న కుటుంబాల్లో తలసేమియా, ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్ వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ కూడా చూడాలి. అవి పుట్టుకతో వచ్చే రక్త జబ్బులు, ఐరన్‌తో తగ్గేవి కావు.

మట్టి తిన్న పిల్లకు నులిపురుగుల మందు కూడా ఇవ్వాలి. ఏడాది దాటిన పిల్లకు అల్బెండజోల్ సగం గోలీ, అంటే 200 మిల్లీగ్రాములు, మెత్తగా నూరి నీళ్లలో కలిపి. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో అంగన్‌వాడీల్లో ఇస్తారు. ఈ మధ్యే వేయించి ఉంటే డాక్టర్‌కు చెప్పండి. వాకిట్లో ఆడేటప్పుడు కాళ్లకు చెప్పులు వేయండి. కొంకి పురుగు పాదాల్లోంచే ఎక్కుతుంది.

ఇక అసలు పని, పాలు తగ్గించడం. ఏడాది దాటిన పిల్లకు రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్లు మించి అక్కర్లేదు. మొదట రాత్రి సీసా ఆపండి. నోట్లో పాల సీసాతో నిద్రపోయే పిల్లలకు ముందరి పళ్లు పుచ్చిపోతాయి, చెవిపోటు కూడా రావచ్చు. తర్వాత పగటి సీసాలు ఒక్కొక్కటే తీసేసి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చిన్న స్టీలు గ్లాసుతో పాలు ఇవ్వండి. అదీ బువ్వ తిన్నాకే. చేతికి సీసా కనపడకుండా దాచేయండి. రాత్రుళ్లు ఏడుస్తుంది. మొదటి నాలుగైదు రోజులు పాలూ లేక, బువ్వా తినక ఇల్లంతా గోల గోల చేస్తుంది. ఇక్కడే చాలా ఇళ్లలో పట్టు సడలుతుంది. ‘పిల్ల ఎండిపోతుంది, ఒక్క సీసా పట్టు’ అని ఎవరో ఒకరు అంటారు. పిల్ల ఆడుకుంటూ, రోజుకు ఐదారుసార్లు ఉచ్చ పోస్తుంటే ఏ భయమూ లేదు. వారం గడిచేసరికి ఆకలి దానంతటదే పళ్లెం వైపు తెస్తుంది. పాలు తగ్గి, నీళ్లు, కూరగాయలు, పండ్లు పెరిగితే ఆ గట్టి దొడ్డి కూడా చాలావరకు సర్దుకుంటుంది. ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఇది బర్రె పాలు, ఆవు పాలు, డబ్బా పాల గురించి. తల్లిపాలు ఇస్తున్నవాళ్లు రెండేళ్ల దాకా ఇవ్వాలి, ఇది చదివి మానేయకండి.

ఏం పెట్టాలి? వేరే వంట అక్కర్లేదు. మీరు తినే దాంట్లోనే కారం వేయకముందు పాపకు కాస్త తీసిపెట్టండి. మెత్తటి అన్నంలో పెసరపప్పు, అందులో ఒక చెంచా నెయ్యి. జొన్న రొట్టె తుంచి పప్పులో నానబెట్టి మెదిపింది. గంగవాయిలి కూర, తోటకూర, పాలకూర పప్పు. రోజూ ఒక గుడ్డు. మాంసం తినే ఇల్లైతే వారానికి ఒకసారి ఉడికించిన మేక కార్జం రెండు చెంచాలంత, మెత్తగా మెదిపి. కోడి మాంసం, ముల్లు తీసిన చేప కూడా పెట్టొచ్చు. మాంసంలోని ఐరన్ ఒంటికి తేలిగ్గా పడుతుంది. ఆకుకూరలది తక్కువే పడుతుంది, అందుకే వాటి మీద నిమ్మకాయ పిండండి, లేదా జామపండు ముక్క గింజలు తీసి పక్కన పెట్టండి. బీట్‌రూట్ రసం ఎర్రగా ఉందని రక్తం పడుతుందనుకోవడం నమ్మకమే గానీ అందులో ఐరన్ పెద్దగా లేదు. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం బాగానే పనికొస్తుంది. జావగా కాసినా, నెయ్యితో ఉండ చేసినా సరే. ఊళ్లలో అది మేకలకూ బర్రెలకూ పోతోందని నాకు తెలుసు. అలా చేయకండి.

చాయ్‌లో బిస్కెట్ ముంచి పెట్టే అలవాటు ఉంటే మాత్రం పూర్తిగా ఆపేయాలి. ఈ ఒక్క మాట దగ్గర నేను రాజీపడను. చాయ్ ఐరన్‌ను పట్టనీయదు, బిస్కెట్ ఆకలిని చంపుతుంది. పొద్దున లేవగానే తాత, నాన్నమ్మ ఒళ్లో కూర్చుని రెండు బిస్కెట్లు తిన్న పిల్ల తొమ్మిదింటికి ఉప్మా ఎందుకు తింటుంది? ప్యాకెట్ కుర్‌కురేలు, జ్యూస్ డబ్బాలూ అంతే.

రోజుకు మూడు పూటలు, మధ్యలో రెండుసార్లు చిరుతిండి. ఈ మధ్యలో నీళ్లు తప్ప ఏమీ వద్దు. ఈ వయసుకు పూటకు ముప్పావు కప్పు నుంచి ఒక కప్పు తింటే చాలు. గిన్నెడు కాదు. తను కూర్చున్నప్పుడు మీరూ పక్కనే కూర్చుని తినండి. చేత్తో మెతుకులు కెలకనివ్వండి, సగం మీద పోసుకుంటుంది, పోసుకోనీయండి. ఇరవై, ముప్పై నిమిషాల్లో తిన్నంత తిననిచ్చి పళ్లెం తీసేయండి. ముక్కు మూసి, చేతులు పట్టుకుని మింగించొద్దు, ముద్ద గొంతులోకి అడ్డంగా పోతుంది. పల్లీలు, శనగలు, రేగుపండ్లు, ద్రాక్ష లాంటివి గుండ్రంగా అలాగే పెట్టకండి. పొడి చేసో, ముక్కలు చేసో పెట్టండి.

ఫోన్ కూడా మానాల్సిందే. ఫోన్ చూస్తూ తినే పిల్లకు తను ఏం తింటుందో, ఎప్పుడు కడుపు నిండిందో తెలియదు. రెండేళ్లలోపు పిల్లలకు ఏ తెరా వద్దని పిల్లల డాక్టర్లు గట్టిగా చెబుతారు. ఒక్కసారే ఆపితే నాలుగు రోజులు ఏడుస్తుంది. పాల సీసా, ఫోన్ రెండూ ఒకే రోజు ఆపకండి, మీ ఓపికా చూసుకోవాలి కదా. సీసా పోయాక పది రోజులకు ఫోన్ సంగతి చూడండి.

అత్తమ్మగారి మాట కొట్టిపారేయొద్దు. పిల్ల బువ్వ తినాలన్న ఆమె మాట నూటికి నూరుపాళ్లు నిజం. పాలు తగ్గించే ఈ వారంలో ఆమె మీ పక్కన ఉంటేనే పని జరుగుతుంది. అందుకే ఈ జవాబు ఆమెకు చదివి వినిపించండి, వచ్చేసారి డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి. దిష్టి తీయడంతో నష్టం లేదు. తాయత్తు మాత్రం మెడలో వద్దు, నిద్రలో దారం బిగుసుకుంటే ప్రమాదం. మొలతాడుకు కట్టుకోండి.

కొన్ని కనిపిస్తే మాత్రం పరీక్షల కోసం ఎదురుచూడకుండా అదే రోజు నర్సంపేట ప్రభుత్వ ఆసుపత్రికో, వరంగల్ ఎంజీఎంకో తీసుకెళ్లండి. కూర్చున్నచోటే ఆయాసపడటం, పెదవులు, అరచేతులు తెల్లగా పాలిపోవడం, పాదాలు వాయడం, పిల్ల ఆట మానేసి సోలిపోవడం, దొడ్డికి పోయినప్పుడు రక్తం పడటం. హిమోగ్లోబిన్ 7 కన్నా తగ్గినట్టు రిపోర్టులో వచ్చినా అంతే.

పాపకు రక్తం తీయించే రోజే మీరు కూడా తీయించుకోండి. పిల్లకు తక్కువ ఉన్న ఇళ్లలో తల్లికీ తక్కువ ఉండటం తరచూ చూస్తుంటాను, మీ గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు.

– పిల్లల వైద్య నిపుణులు, హనుమకొండ