సోలో ఆల్బమ్ మానేయాలా?

ప్రశ్న: మా రాక్ బ్యాండ్‌లో 11 ఏళ్లుగా గిటార్ వాయిస్తున్నాను. బ్యాండ్ వద్దన్న నా పాటలు చాలా పోగుపడ్డాయి. వాటితో సోలో ఆల్బమ్ చేద్దామని బయటి గాయకులు ముగ్గురిని, ఒక డ్రమ్మర్‌ని అడిగాను. అన్నీ కుదిరాక మావాళ్లకు చెబుదామనుకున్నాను. ఈలోపే వాళ్లకు ఎవరో చెప్పేశారు. మా డ్రమ్మర్ కాలేజీ రోజుల నుంచి నా ప్రాణస్నేహితుడు. ఇప్పుడు ప్రాక్టీస్‌కి వస్తాడు, వాయిస్తాడు, నాతో ఒక్క మాటా మాట్లాడడు. దాచుకున్న డబ్బు దీనికి పెడుతున్నానని నా భార్యకూ కోపంగా ఉంది. ఆల్బమ్ మానేయాలా?

జవాబు: మానేయకండి. ఇప్పుడు మానేస్తే ఆ అసంతృప్తి రేపు బ్యాండ్‌లో ప్రతి చిన్న గొడవలోనూ బయటికొస్తుంది. బయటివాళ్లతో పాటలు చేసుకున్నంత మాత్రాన బ్యాండ్‌కి ద్రోహం చేసినట్టు కాదు. 1983లో బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ విరామంలో ఉన్నప్పుడు దాని గిటారిస్ట్ బ్రయాన్ మే, వేరే బ్యాండ్‌లో గిటారిస్ట్ అయిన ఎడ్డీ వాన్ హేలెన్ తదితరులను పిలిచి రెండు రోజుల్లో ఒక చిన్న రికార్డు చేశారు. మరుసటి ఏడాదే క్వీన్ కొత్త ఆల్బమ్ కూడా వచ్చింది. మే రికార్డులో డ్రమ్స్ వాయించింది బయటి మనిషే. అయినా క్వీన్ డ్రమ్మర్ రోజర్ టేలర్ అందులో గొంతు కలిపారు. ఈ చివరి సంగతి మీకోసమే చెబుతున్నాను.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది మీ స్నేహితుడి మౌనం. వేరే గాయకులను పిలిచారంటే, ఈ పాటలకు వేరే గొంతులు కావాలేమో అని సర్దుకోవచ్చు. వేరే డ్రమ్మర్‌ని పిలిచారంటే అతనికి ఏమనిపిస్తుంది? ఇన్నేళ్లూ నా వాయింపు వీడికి నచ్చలేదా అనే కదా! పైగా ఆ మాట మూడో మనిషి నోట విన్నాడు. అన్నీ కుదిరాక చెబుదామనుకున్నారు సరే, అప్పటికి అతను అనడానికి ఏం మిగిలేది?

అతన్ని ప్రాక్టీస్ దగ్గర అందరి ముందూ కదిలించకండి. ఒంటరిగా కలవండి. వివరణలు తర్వాత. ముందు 'నీకు నేనే చెప్పాల్సింది, నువ్వేమంటావోనని భయపడ్డాను' అనండి. అతను తిడితే వినండి. వెంటనే 'నువ్వూ ఒక పాటకి వాయించు' అనకండి, జాలితో పడేసినట్టు ఉంటుంది. మరో రోజు ఆ పాటల డెమోలు (నమూనా రికార్డింగులు) వినిపించి, ఎలా ఉన్నాయని అడగండి.

ఇంకో సంగతి. ఆ పాటల్లో మీరిద్దరూ జామింగ్ చేస్తున్నప్పుడు, అంటే అప్పటికప్పుడు తోచింది కలిసి వాయిస్తున్నప్పుడు, పుట్టినవి ఏమైనా ఉన్నాయా? ఉంటే ఆ మాట మీరే ముందు ఎత్తండి. అతని చెయ్యి పడిన పాటకు అతని పేరు, వాటా ఉండి తీరాలి. బ్యాండ్‌గా ఏదైనా కంపెనీతో ఒప్పందం చేసుకుని ఉంటే, విడిగా రికార్డు చేయడం గురించి అందులో ఏముందో చదివించుకోండి. బయటి నుంచి వచ్చే అతిథులతో కూడా డబ్బు, వాటా, పేరు ఎలా వేయాలి అన్నవన్నీ రికార్డింగ్‌కి ముందే కాగితం మీద పెట్టండి. స్నేహం కొద్దీ పాడతానన్నవాళ్లతోనైనా సరే.

ఇక మీ భార్య. ఆవిడ కోపం పాటల మీద కాదనుకుంటాను. ఆవిడను అడిగి డబ్బు తీశారా, తీశాక చెప్పారా? మీరు రాయలేదు. ఎంత అవుతుందన్నదీ రాయలేదు. అతిథులు పెరిగేకొద్దీ స్టూడియో గంటలు పెరుగుతాయి, మిక్సింగ్ (విడివిడిగా రికార్డు చేసినవి కలిపి సరిచేయడం) మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తుంది. ఇద్దరూ కూర్చుని ఇంతకు మించి ముట్టుకోనని ఒక అంకె రాసుకోండి. అది చాలకపోతే పది పాటల బదులు నాలుగే చేయండి. ఆ నాలుగు ఏవో ఆవిడనే వినిపించి అడగండి. ఇంట్లో మీరు వాయిస్తుంటే అందరికంటే ఎక్కువసార్లు విన్నది ఆవిడే కదా.

డెమోలు విన్నాక మీ స్నేహితుడు నేను వాయించను అంటే బతిమాలకండి. అడిగిన డ్రమ్మర్‌తోనే రికార్డు చేసుకోండి. బ్యాండ్ ప్రాక్టీస్‌కి మాత్రం ఈ నెలల్లో ఒక్క రోజు కూడా ఆలస్యంగా వెళ్లకండి.