కిల్టు కోసం కార్డు గీకాలా?

ప్రశ్న: మేం అబర్డీన్‌లో ఉంటాం. నాది గుంటూరు, మా ఆయనది ఇక్కడి స్కాటిష్ కుటుంబం. వచ్చే ఆగస్టులో మా మరిది పెళ్ళి. మగవాళ్ళంతా కిల్టులు (నడుముకి చుట్టుకునే కుచ్చిళ్ళ గళ్ళబట్ట) కట్టుకోవాలి. మా అత్తింటి ఇంటిపేరుకు సొంత టార్టాన్ (ఆ వంశానికని ఉండే గళ్ళ నమూనా) ఉంది గానీ ఇప్పుడు ఏ మిల్లూ దాన్ని స్టాకులో ఉంచడం లేదు. ప్రత్యేకంగా నేయిస్తే మా ఆయనకు బట్టకే 1,150 పౌండ్లు, కుట్టుకూలి 400 అన్నారు. పదమూడేళ్ళ మా అబ్బాయికి ఇంకో 1,050. మొత్తం 2,600. మేం పక్కన పెట్టింది 900. మిగతాది కార్డు మీద పెట్టి మెల్లగా తీర్చుకుందాం అంటారాయన. మా నాన్నేమో పెన్షన్ డబ్బులోంచి పంపిస్తానంటున్నారు. వేరే టార్టాన్ కట్టుకుంటే పరువు పోతుందా? మామగారి పాత కిల్టు ఒకటి అటక మీద ఉంది, పురుగు కొట్టింది.

జవాబు: ముందు కార్డు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మిగతావన్నీ ఇష్టాయిష్టాలు, ఇదొక్కటే లెక్క. 1,700 పౌండ్లు కార్డు మీద పెట్టి, ఏడాదికి 24.9 శాతం వడ్డీ అనుకుని (మీ కార్డుకి ఎంతో స్టేట్‌మెంట్‌లో ఉంటుంది, చూసుకోండి), నెలకు 60 పౌండ్లు కట్టుకుంటూ పోతే తీరేసరికి దాదాపు 41 నెలలు పడుతుంది. వడ్డీ 740 పౌండ్ల దాకా అవుతుంది. అంటే మీ మరిది రెండో పెళ్ళిరోజు కూడా అయిపోయాక మీరింకా ఆ బట్టకి కడుతూనే ఉంటారు. మీ అబ్బాయికి అప్పటికి పదహారు దాటతాయి, ఆ కిల్టు వాడికి పొట్టిదై ఎన్నాళ్ళో అయ్యుంటుంది. కాబట్టి అప్పు వద్దు. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు.

ఇక బట్ట. మీ ప్రశ్న వచ్చాక వారం రోజులు ఈ గళ్ళబట్టల వెంటే పడ్డాను, మా ఇంట్లో నవ్వుకున్నారు కూడా. పెద్దవాళ్ళ కిల్టుకి సంప్రదాయంగా ఎనిమిది గజాలు పడుతుంది, మన అమ్మమ్మల మడిచీరకి ఒక్క గజం తక్కువ. అందులో ముందువైపు కనిపించేది కొంచెమే, మిగతాదంతా వెనక కుచ్చిళ్ళలోకి పోతుంది. ఒక్కో కుచ్చిలి మడిచేటప్పుడు గళ్ళు చెదరకుండా, వెనక నుంచి చూసినా అదే వరస కనబడేలా మడుస్తారు. గడి పెద్దదైతే బట్ట ఇంకా ఎక్కువ తింటుంది. కుట్టుకూలి 400 అన్నది నాకేమీ అన్యాయంగా అనిపించలేదు, చేతికుట్టు పని అది.

బట్టకి 1,150 ఎందుకంటారా? మన ఊళ్ళల్లో మగ్గం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పడుగు వేసి, ఏ రంగు పోగులు ఎన్నెన్నో లెక్క తప్పకుండా వరస పెట్టి, ఒక్కో పోగూ అచ్చులోంచి తీసి కట్టడానికే అసలు శ్రమ. అది అయ్యాక మీరు నాలుగు గజాలు నేయించినా నలభై గజాలు నేయించినా ఆ మొదటి పని ఒక్కటే. మీ ఒక్కరి కోసం పడుగు వేయిస్తే ఆ ఖర్చంతా మీ నెత్తి మీదే పడుతుంది. ఇద్దరు ముగ్గురు కలిస్తే, రెండో కిల్టు నుంచి పెరిగేది ఊలు ఖర్చు, నేసే సమయం, అంతే.

ఇక్కడే నాకొక అనుమానం వచ్చింది. ఉత్తరమంతా రెండుసార్లు చదివాను, మీ మరిది ఏం కట్టుకుంటున్నాడో మీరు రాయలేదు. పెళ్ళికొడుకు ఆయన! ఆయనకీ అదే ఇంటిపేరు కదా. ఆయన సొంత టార్టాన్ నేయించుకుంటుంటే మీరు విడిగా ఇంకో పడుగుకి డబ్బు కట్టడం ఏమిటి? ఆయన స్టాకులో దొరికే వేరే టార్టాన్‌తో సరిపెట్టుకుంటుంటే, పెళ్ళికొడుక్కి లేని పట్టింపు మీకెందుకు? ఏదైనా సరే, ఈ రాత్రికే మీ ఆయన చేత తమ్ముడికి ఫోన్ చేయించండి. చిన్నాన్నల పిల్లలు, పెదనాన్నల పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్ళనీ కదిలించండి. తర్వాత మిల్లుకి రాసేటప్పుడు "ఒక కిల్టుకి ఎంత" అని కాకుండా "ఒకటికి, మూడింటికి, ఐదింటికి విడివిడిగా ఎంతెంత" అని అడగండి. డబుల్ వెడల్పు బట్టయితే నాలుగు గజాలు తీసుకుని మధ్యకి చీల్చి కలిపితే ఎనిమిదవుతుంది, చాలా కిల్టులు అలాగే కుడతారు. సింగిల్ వెడల్పు మగ్గం మీద ఒక్క కిల్టుకి సరిపడానే నేసిపెట్టేవాళ్ళూ ఉన్నారు, కానీ అది గజం లెక్కన ఖరీదు. మీకు చెప్పిన 1,150 ఏ లెక్కో అడిగి తెలుసుకోండి. టార్టాన్ వంశమంతటిదీ అయినప్పుడు బిల్లు కూడా వంశమంతా పంచుకోవాలి, మీ ఒక్క ఇంటికి ఎందుకు పడాలి?

నేయించే ముందు ఇంకొక పని. టార్టాన్‌లకి ప్రభుత్వ రిజిస్టర్ ఉంది, 2008లో చట్టం చేసి 2009లో మొదలుపెట్టారు, వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు. అందులో మీ ఇంటిపేరు కొట్టి చూడండి. ఒకే పేరు మీద రెండు మూడు నమూనాలు ఉండటం మామూలే, వేటకి వేరు, విందుకి వేరు. మీరు వెతికింది ఒక్కదాన్నే అయ్యుండొచ్చు. పైగా అదే గడిని మోడర్న్, ఏన్షెంట్, వెదర్డ్ అని వేర్వేరు ఛాయల్లో నేస్తారు: మోడర్న్ ముదురుగా ఉంటుంది, ఏన్షెంట్ పాతకాలపు మొక్కల రంగుల్లా లేతగా, వెదర్డ్ అయితే ఎండకి వెలిసిపోయినట్టు. గళ్ళ లెక్క ఒక్కటే. బరువు కూడా చూడండి, గజానికి 16 ఔన్సుల బట్ట లేకపోయినా 13 ఔన్సులదో అంతకంటే పల్చనిదో ఉండొచ్చు. ఆగస్టు పెళ్ళికి పల్చనిదైనా పర్లేదు, ఆ కుచ్చిళ్ళు అంత బాగా జారవని మాత్రం అంటారు. సెల్కర్క్‌లోని లోక్‌క్యారన్ లాంటి మిల్లులు వందల రకాలు స్టాకులో పెడతాయి, కాబట్టి "దొరకదు" అన్న మాటని ఒక్క షాపువాడి నోట విని నమ్మకండి.

అవన్నీ అయ్యాక కూడా దొరక్కపోతే, వేరే టార్టాన్ కట్టుకుంటే పరువు పోతుందా అన్న మీ అసలు ప్రశ్న. పోదు. ఎవరు ఏది కట్టుకోవాలో చెప్పే చట్టమేదీ లేదు. బాల్మోరల్ టార్టాన్ ఒక్కటి మాత్రం రాజకుటుంబానిది, దాన్ని వదిలేయండి. మిగతాదంతా మర్యాద, అలవాటు. మీ అత్తగారి పుట్టింటి పేరేమిటి? తల్లివైపు టార్టాన్ కట్టుకోవడం అక్కడ మామూలు విషయమే, పైగా అత్తగారు సంతోషిస్తారు (ఇది ఆర్థిక సలహా కాదు, కానీ ఉచితం). ఇంకోటి, మనలో ఇంటిపేర్లు వేరైనా గోత్రం ఒకటే ఉన్నట్టు, అక్కడ చిన్న చిన్న ఇంటిపేర్లు పెద్ద క్లాన్ కిందికి వస్తాయి. గిబ్సన్లు, వాట్సన్లు బుకానన్ టార్టాన్ కట్టుకుంటారు. మీ ఇంటిపేరు కూడా అలా ఏదో పెద్ద క్లాన్‌కి చెందిందేమో చూడండి, పెద్ద క్లాన్లవైతే స్టాకులో తేలిగ్గా దొరుకుతాయి. అదీ కాకపోతే ఊళ్ళ పేరు మీద, జిల్లాల పేరు మీద ఉన్నవి ఉన్నాయి, ఎవరైనా కట్టుకోగల బ్లాక్ వాచ్, హంటింగ్ స్టువర్ట్ ఉన్నాయి. ముదురు నీలం, ఆకుపచ్చ కలిసిన బ్లాక్ వాచ్ నాకు నచ్చింది, ఏ కోటు మీదకైనా వెళ్ళిపోతుంది.

మీ ఆయన "మా తాతముత్తాతల నుంచీ వస్తున్న నేత" అని పట్టుబడితే ఒక్క విషయం, సమయం చూసుకుని చెప్పండి. కల్లోడెన్ యుద్ధంలో తిరుగుబాటుని అణచివేశాక 1746లో చట్టం చేసి ఈ హైలాండ్ (స్కాట్లాండ్ కొండప్రాంతపు) దుస్తుల్ని మగవాళ్ళకి నిషేధించారు, 1782 దాకా ఎత్తేయలేదు. ఫలానా క్లాన్‌కి ఫలానా గడి అని గట్టిగా పేర్లు అంటుకున్నది ఎక్కువగా ఆ తర్వాతే. 1815లో లండన్‌లోని హైలాండ్ సొసైటీ మీ మీ టార్టాన్ల నమూనాలు పంపండి అని క్లాన్ పెద్దల్ని అడిగింది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు రచయిత వాల్టర్ స్కాట్ దగ్గరుండి ఏర్పాట్లు చేస్తే, ఊరంతా టార్టాన్ కోసం ఎగబడ్డారు. బానక్‌బర్న్‌లో విల్సన్ అనే నేత వ్యాపారులు అంతకుముందు నంబర్లతో అమ్మిన గళ్ళకి కూడా పేర్లు పెట్టి అమ్మారు. అంటే మీ మామగారి తాతగారి తాతగారు కూడా ఒకప్పుడు షాపుకెళ్ళి ఉన్నవాటిలో నచ్చింది ఎంచుకుని ఉండొచ్చు. దీన్ని భోజనాల బల్ల దగ్గర మాత్రం ఎత్తకండి.

నా సలహా ఇది. అబ్బాయికి కుట్టించకండి, అద్దెకి తీసుకోండి. కిల్టు కింది అంచు మడిచి కుట్టింది కాదు, మగ్గం మీద వచ్చిన అంచే అది. పొడుగు పెరిగితే మన పరికిణీలకి వదిలినట్టు మడత విప్పడానికి అక్కడేమీ ఉండదు. నడుం దగ్గర బకిల్స్‌తో ఒకటి రెండు అంగుళాలు సర్దొచ్చు, అంతే. పదమూడేళ్ళ వాడికి వెయ్యి పౌండ్ల బట్ట అంటే నాకు గుండె జారింది. అద్దెకైతే కోటు, మేజోళ్ళు, ముందు వేలాడే స్పోరన్ సంచితో సహా సెట్టంతా ఇస్తారు. ఒకవేళ కుట్టించే తీరతానంటే, పిల్లల బట్టలకి వ్యాట్ ఉండదు, కానీ ఆ రాయితీ పద్నాలుగేళ్ళలోపు పిల్లల కొలతలకే, వాడు పొడుగరి అయితే వర్తించకపోవచ్చు, కుట్టేవాళ్ళని ముందే అడగండి.

మీ ఆయనకి అయ్యేది 1,550. మీ దగ్గర ఉన్నది 900. ఆగస్టులోపు నెలకి 80 పక్కన పెట్టగలిగితే, పడుగు ఖర్చు పంచుకోకపోయినా దాదాపు ఎనిమిది తొమ్మిది నెలల్లో చేరతారు. కానీ నేతకి, కుట్టుకి కలిపి నెలలు పడుతుంది కాబట్టి చివరిదాకా ఆగి ఆర్డర్ ఇవ్వలేరు. అందుకే పంచుకునేవాళ్ళు దొరికితే ఇప్పుడే నేయించండి, దొరక్కపోతే ఈ పెళ్ళికి అత్తగారి వైపుదో బ్లాక్ వాచో కట్టుకోమనండి, సొంత టార్టాన్ డబ్బు చేరాకే. పెళ్ళి అయిపోయాక కూడా ఆయన కిల్టు కట్టుకుంటారు కదా, లేదంటే మరీ మంచిది, మొత్తం ఖర్చే తప్పిపోయింది.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు అడ్వాన్సు మాత్రం క్రెడిట్ కార్డుతోనే కట్టండి. ఇందాక వద్దన్నది అప్పుని, కార్డుని కాదు. బ్రిటన్‌లో 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్ కింద, 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉన్న వస్తువుకి కార్డుతో కడితే, అమ్మినవాళ్ళు మూసేసి వెళ్ళిపోయినా చెప్పినట్టు ఇవ్వకపోయినా కార్డు కంపెనీ కూడా జవాబుదారీ. నెలలు పట్టే చిన్న మిల్లుల పనికి ఇది చాలా అవసరం. బిల్లు రాగానే మొత్తం కట్టేయండి, వడ్డీ పడదు. ఇంకో మాట, ఆన్‌లైన్‌లో కొన్నవాటికి పద్నాలుగు రోజుల్లో వెనక్కిచ్చే హక్కు ఉంటుంది కదా, మీ కోసమని ప్రత్యేకంగా నేసినదానికి అది ఉండదు. కాబట్టి చిన్న ముక్క తెప్పించుకుని, పగటి వెలుతురులో చూసుకుని, అప్పుడు సరే అనండి.

నాన్నగారి డబ్బు తీసుకోకండి. చట్టపరంగా ఇబ్బందేమీ లేదు, ఈ మొత్తానికి ఇండియాలో టీసీఎస్ (విదేశాలకి పంపేటప్పుడు బ్యాంకు వసూలు చేసే పన్ను) కూడా పడదు, ఏడాదికి 10 లక్షలు దాటితేనే. కానీ ఆయన పెన్షన్‌తో ఒక రోజు గళ్ళబట్ట కొనిపించుకోవడం మీకే నచ్చడం లేదని ఉత్తరంలో తెలుస్తోంది. పంచె కట్టుకుని పెళ్ళికి రమ్మనండి, టికెట్‌కి దాచుకోమనండి.

ఇక ఆ అటక మీది కిల్టు. మీరు దాన్ని ఉత్తరం చివర్లో, పోన్లే అన్నట్టు రాశారు గానీ, మీకు కావల్సిన టార్టాన్ ఎనిమిది గజాలు అప్పటికే మీ ఇంట్లో ఉంది! కుచ్చిళ్ళు విప్పితే లోపల దాగిన బట్ట చాలా ఉంటుంది, పురుగు కొట్టిన చోట్లు మడతల్లోకి పోయేలా తిప్పి కుట్టగలరేమో పాత కిల్టులు సరిచేసేవాళ్ళని అడగండి. నడుం మరీ తేడా అయితే కుదరకపోవచ్చు. అప్పుడు కూడా అందులోంచి మంచి ముక్క తీసి తండ్రీకొడుకులకి టైలు కుట్టించండి, తోడికోడలికి ఒక రిబ్బను ఇవ్వండి. బాగుచేయడానికి ఇచ్చే ముందు మాత్రం దాన్ని గాలి చొరకుండా పాలిథీన్ సంచిలో కట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, లోపల గుడ్లుంటే చస్తాయి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకండి, చెమ్మ ఆరనివ్వండి.