దేవుడి శక్తి మిగతావాళ్లు ఇచ్చే గౌరవం మీద ఆధారపడి ఉంటుందని మోర్మన్లు నిజంగానే నమ్ముతారా?

హైదరాబాద్‌లో మీతో పనిచేసే మోర్మన్ (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ) ఫ్రెండ్ చెప్పాడన్నారు కదా, సృష్టిలో ప్రతిదీ దేవుణ్ణి గౌరవిస్తోంది కాబట్టే ఆయనకి శక్తి ఉంది, ఆ గౌరవం పోతే ఆయన దేవుడే కాకుండా పోతాడు, యేసు అంత బాధపడింది కూడా వాటన్నిటి మనసు కరిగించడానికే అని. ఇది వాళ్ల చర్చి అధికారిక బోధేనా అని మీ ప్రశ్న. కాదండీ. కానీ మీ ఫ్రెండ్ సొంతంగా అల్లింది కూడా కాదు, దీని వెనక పెద్ద కథే ఉంది.

నేను పుట్టి పెరిగింది ఒంగోలులో, బాప్టిస్టు కుటుంబం. తర్వాత ఉద్యోగం కోసం అమెరికా వెళ్లి, మోర్మన్లు ఎక్కువగా ఉండే యూటాలో ప్రొవో దగ్గర చాలా ఏళ్లు ఉన్నాను. మా పక్కింటాయన రిటైరైన టీచర్, వాళ్ల వార్డ్‌లో, అంటే స్థానిక సంఘంలో, సండే స్కూల్ క్లాస్ చెప్పేవాడు, నన్ను కూడా రమ్మనేవాడు, నేను వెళ్లి వెనక కూర్చుని వినేవాణ్ణి. ఆయనే ఒకసారి ఒక ఆడియో ఇచ్చి "ఇది మా క్లాసుల్లో చెప్పరు, కానీ విను" అన్నాడు. అది క్లియాన్ స్కౌసెన్ ప్రసంగం. స్కౌసెన్ (1913–2006) ఎఫ్‌బీఐలో పనిచేసి, సాల్ట్ లేక్ సిటీ పోలీస్ చీఫ్‌గా ఉండి, బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన మనిషి. కుర్రాడిగా ఇంగ్లాండ్‌లో మిషనరీగా ఉన్నప్పుడు జాన్ విడ్‌సో అనే అపొస్తలుడి (వాళ్ల చర్చి పెద్దల్లో ఒకరు) దగ్గర ఈ ఆలోచన నేర్చుకున్నానని ఆయన చెప్పుకునేవాడు, ఈ విడ్‌సో ఏమో హార్వర్డ్‌లో కెమిస్ట్రీ చదివినాయన.

స్కౌసెన్ చెప్పేది ఏంటంటే, సృష్టిలో ప్రతి అణువులోనూ ఎవరూ సృష్టించని ఒక చిన్న తెలివి ఉంటుంది, వాటిని ఇంటెలిజెన్సెస్ అంటారు, దేవుడు ఒక మాట అంటే కొండైనా సముద్రమైనా కదిలేది ఆయన బలవంతం చేసినందుకు కాదు, ఆయన న్యాయవంతుడని అవి నమ్మి గౌరవించినందుకు. ఇప్పుడు ఆయన తప్పు చేసినవాణ్ణి ఊరికే క్షమించి తన దగ్గరికి తెచ్చుకుంటే ఇది అన్యాయం అని అవన్నీ ఎదురు తిరుగుతాయి, గౌరవం పోతుంది, దాంతో శక్తీ పోతుంది. అందుకే అందరూ ప్రేమించే ఒకడు, ఏ తప్పూ చేయనివాడు, చూసినవాళ్లెవరూ తట్టుకోలేనంత బాధపడాలి, అప్పుడు ఆయన "వీళ్లని వదిలేయండి" అని అడిగితే ఎవరూ కాదనలేరు, జాలి న్యాయాన్ని మించిపోతుంది. ఆయన లెక్కలో యేసు చేసిన ప్రాయశ్చిత్తం అంటే ఇదే.

దీనికి ముడిసరుకంతా వాళ్ల గ్రంథాల్లోనే ఉంది, అందుకే వినేవాళ్లకి కొత్తగా అనిపించదు. డాక్ట్రిన్ అండ్ కవనెంట్స్ (వాళ్లు దైవ ప్రకటనలుగా నమ్మే మాటల పుస్తకం) 93:29లో తెలివి సృష్టించబడలేదు, సృష్టించడం కుదరదు అని ఉంటుంది. 29:36లో సాతాను దేవుణ్ణి నీ గౌరవం నాకు ఇవ్వు అని అడుగుతాడు, అక్కడే ఆ గౌరవమే దేవుడి శక్తి అన్న మాట వస్తుంది. వాళ్ల చర్చిని స్థాపించిన జోసెఫ్ స్మిత్ అయితే 1844 ఏప్రిల్ 7న ఇల్లినాయ్‌లోని నావూలో, బావి తవ్వుతూ చనిపోయిన కింగ్ ఫోలెట్ అనే ఆయన గురించి ప్రసంగిస్తూ, మనిషి ఆత్మకి మొదలు లేదు, దేవుడు శూన్యం నుంచి ఏదీ చేయలేదు, ఉన్న పదార్థాన్నే సర్దాడు, దేవుడు కూడా ఒకప్పుడు మనలాంటివాడే అని చెప్పాడు. ఇంకో మూడు నెలలు తిరక్కుండానే జూన్ 27న కార్తేజ్ జైల్లో గుంపు ఆయన్ని కాల్చి చంపింది. జీవుడు అనాది అనే మాట హిందూ ఇళ్లలో వింటూ పెరిగినవాళ్లకి ఇందులో సగం వింతగా ఏమీ ఉండదు, నాలాంటి బాప్టిస్టుకే గొంతు దిగలేదు, మాకు దేవుడు తప్ప మిగతాదంతా సృష్టే కదా.

నా అభిప్రాయం చెప్తాను. శక్తి గురించి స్కౌసెన్ చెప్పిన సగం నన్ను చాలా కదిలించింది, ఇప్పటికీ అది నాతోనే ఉంది. ఎందుకంటే దానికి ఆయన కంటే గట్టి ఆధారం 1839లో మిస్సోరిలోని లిబర్టీ జైల్లోంచి జోసెఫ్ స్మిత్ రాసిన మాటల్లో ఉంది (ఇప్పుడు అది డాక్ట్రిన్ అండ్ కవనెంట్స్‌లో 121వ సెక్షన్). అధికారం ఒప్పించడం వల్ల, ఓర్పు వల్ల, నిజమైన ప్రేమ వల్ల మాత్రమే నిలవాలి, చివరికి బలవంతం ఏమీ లేకుండానే ఆధిపత్యం నీ దగ్గరికి ప్రవహించి వస్తుంది అంటాడు. చలికాలమంతా జైల్లో మగ్గిన మనిషి, తన జనాన్ని మిస్సోరి నుంచి తరిమేస్తున్న టైమ్‌లో ఈ మాట రాశాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. చిన్నప్పుడు నేను విన్న దేవుడు ఎక్కువగా శిక్షించే దేవుడు, ఒప్పించే దేవుడి గురించి అంత గట్టిగా నాకు ఎవరూ చెప్పలేదు.

ప్రాయశ్చిత్తం సగం మాత్రం నేను ఒప్పుకోలేను. పక్కింటాయనతో కూడా వాళ్ల వరండాలో కూర్చుని ఇదే వాదించేవాణ్ణి. ఆ ఇంటెలిజెన్సెస్‌కి జాలి పడేంత మంచి మనసు ఉంటే, ముందు ఒక నిర్దోషి నలిగిపోవడం చూస్తే గానీ ఆ జాలి ఎందుకు రాదు? అప్పుడు తండ్రి పరిస్థితి మెజారిటీ పడిపోతుందని భయపడే ముఖ్యమంత్రిలా అయిపోతుంది. పైగా గ్రంథం అలా అనదు. బుక్ ఆఫ్ మోర్మన్ అనే వాళ్ల గ్రంథంలోని ఆల్మా 42లో న్యాయాన్ని చెరిపేస్తే దేవుడు దేవుడుగా ఉండడు అని ఉన్న మాట నిజమే, కానీ అక్కడ ఎవరో గౌరవం మానేస్తారని ఒక్క ముక్క లేదు, పైగా వెంటనే దేవుడు దేవుడుగా ఉండడం మానడు అని కూడా ఉంటుంది. డాక్ట్రిన్ అండ్ కవనెంట్స్ 45లో యేసు తన బాధని చూపించి వీళ్లని విడిచిపెట్టు అని బతిమాలేది కూడా తండ్రినే, అణువుల్ని కాదు. పక్కింటాయన దీనికి నవ్వి "అందుకే దీన్ని క్లాసులో చెప్పను" అనేవాడు. నిజంగానే నేను కూర్చున్న క్లాసుల్లో ఈ థియరీ ఎప్పుడూ రాలేదు, అక్కడ వినిపించేది గెత్సేమనే (సిలువకి ముందు రాత్రి యేసు వేదనపడిన తోట), పశ్చాత్తాపం, బాప్తిస్మం, దేవుడితో చేసుకునే నిబంధనలు.

గెత్సేమనే అన్నాను కాబట్టి ఒక మాట. మా ఊళ్లో గుడ్ ఫ్రైడే అంటే సిలువ మీద పలికిన ఏడు మాటలు, మధ్యాహ్నమంతా ఆరాధన. యూటాలో వాళ్ల చర్చిల మీద సిలువ కనిపించదు, యేసు బాధ అంటే ముందు గెత్సేమనే తోట గురించే మాట్లాడతారు, చర్మంలోని ప్రతి రంధ్రం నుంచి రక్తం కారింది అని బుక్ ఆఫ్ మోర్మన్‌లోనే మోషైయా 3:7లో ఉంటుంది. సిలువని కాదంటున్నారని కాదు, కానీ బరువు ఎక్కడ పెడతారనే తేడా నాకు అక్కడ ఉన్నప్పుడే అర్థమైంది.

నాకు వాళ్ల దగ్గర దొరికిన అన్నిటికన్నా మంచి మాట ఆల్మా 7:11-12. యేసు మన పాపాలే కాదు, నొప్పులు, జబ్బులు, బలహీనతలు కూడా మోశాడు, మనల్ని ఎలా ఆదుకోవాలో శరీరంలో అనుభవించి తెలుసుకోవడానికి. అమ్మ హాస్పిటల్లో ఉన్నప్పుడు నేను ప్రొవోలో ఉన్నాను, ఫోన్లో ఊపిరి ఆడక ఆమె మాట తెగిపోతుంటే ఏమీ చేయలేకపోయాను, ఆ రాత్రి పక్కింటాయన వచ్చి ఏ థియరీ చెప్పకుండా ఈ రెండు వచనాలే చదివాడు. మన హెబ్రీ పత్రిక 4:15 కూడా అదే కదా చెప్తుంది అన్నాను, అవును అన్నాడు.

హైదరాబాద్‌లో వాళ్లకి పెద్ద సంఘమే ఉంది, ఇండియాలో మొదటి స్టేక్ (కొన్ని వార్డులు కలిసిన పెద్ద విభాగం) 2012లో అక్కడే ఏర్పడింది, కాబట్టి మీ ఫ్రెండ్‌తో పాటు ఒక ఆదివారం వెళ్లి వినండి, అయితే అంతకుముందు ఆయన్ని నువ్వు చెప్పింది స్కౌసెన్ మాటా లేక ఆల్మా మాటా అని అడగండి, చదివినవాడైతే సంతోషంగా గంటసేపు కూర్చోబెట్టి చెప్తాడు.