ఆరేళ్ళ బాబుకి బ్లడ్ క్యాన్సర్ అని తెలిసింది, వాడికి చెప్పాలా దాచాలా?

చెప్పండి. మా వాడిది కూడా ఏఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సరే, పిల్లలకొచ్చే క్యాన్సర్లలో ఎక్కువ ఇదేనంట, ఇప్పుడు మెయింటెనెన్స్‌లో, అంటే ట్రీట్‌మెంట్ చివరి దశలో ఉన్నాడు, అందుకే ఈ విషయంలో ఇంకెవరి మాటా నేను వినను. వెన్నులో సూది, గుండు, మాస్కు, బడి బంద్, ఇన్ని చూసినాక కూడా ఉత్త జ్వరమే అనుకుంటాడా? మీరు చెప్పకపోతే పక్క బెడ్ పిల్లలు చెప్తారు.

మొదటి నెల ఇండక్షన్‌లో, అంటే ట్రీట్‌మెంట్ మొదటి దశలో, డెక్సా ఇస్తారు కదా, అది స్టెరాయిడ్, దాంతో ఆకలి, కోపం రెండూ మనం చూడని రకంగా వస్తాయి. మేం హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో చిన్న రూమ్ తీసుకుని ఉన్నాం. ఒకరోజు అర్ధరాత్రి దాటాక లేచి పప్పన్నం కావాలన్నాడు, మా అత్తమ్మ పాపం లేచి స్టవ్ వెలిగించి వండి పెట్టింది, స్టెరాయిడ్ మీద ఉన్నప్పుడు ఉప్పు తగ్గించమన్నారు కాబట్టి కొంచెమే వేసింది, వీడు ఒక్క ముద్ద తిని ప్లేటు గోడకేసి కొట్టి నోటికొచ్చినట్టు తిట్టాడు. అత్తమ్మ మూల కూర్చుని ఏడుస్తోంది, మా ఆయన చెయ్యెత్తాడు, నేను మధ్యలో. అప్పటికే వాడికి చెప్పి ఉంచా, ఈ గోలీలు రక్తంలో చెడ్డ కణాల్ని చంపుతాయి, కానీ కోపం తెప్పిస్తాయి అని. పొద్దున వాడే నానమ్మ దగ్గరికి పోయి "నేను తిట్టలే నానమ్మా, గోలీ తిట్టింది" అన్నాడు. తెలియకపోతే ఆ మాట అనగలడా? తనే చెడ్డోడయ్యాననుకునేవాడు. (తర్వాత ఫోన్ ఇవ్వకపోయినా గోలీకి కోపం వస్తోంది అనేవాడు, అది వేరే సంగతి.)

అసలు దాచాల్సింది పిల్లాడి దగ్గర కాదు, చుట్టాల దగ్గర. కౌంట్స్, అంటే రక్తంలో తెల్ల కణాలు, పడిపోయి ఇన్‌ఫెక్షన్ వస్తుందని మనం భయపడుతుంటే దగ్గుకుంటూ వచ్చి బెడ్ మీద కూర్చుంటారు, వాడి ముందే "మీ వైపు ఎవరికైనా ఉందా" అని అడుగుతారు, బొప్పాయి ఆకు రసం వీడియోలు పంపుతారు, కీమో నడుస్తుండగా అలాంటివి డాక్టర్ని అడగకుండా అస్సలు పట్టకండి. అదే ప్లేట్‌లెట్స్ కావాలంటే ఒకాయనకి షుగర్, ఇంకొకాయనకి మీటింగ్. చివరికి ఇచ్చింది ఎవరో బీటెక్ పిల్లలు, వాళ్ళ పేర్లు కూడా సరిగా అడగలేదు.

ప్లేట్‌లెట్స్ ఐదు రోజులకి మించి నిల్వ ఉండవు, ముందే తెచ్చి పెట్టుకోలేరు, అందుకే ఇప్పుడే తెలిసినవాళ్ళ బ్లడ్ గ్రూపులు, ఫోన్ నంబర్లు రాసి పెట్టుకోండి. రెండు రెండున్నరేళ్ళ ట్రీట్‌మెంట్ ఇది, ఆరోగ్యశ్రీ ఉంటే మొదటి రోజే అడగండి. జ్వరం 100.4 దాటితే ఇంట్లో పారాసెటమాల్ వేసి చూద్దాం అనుకోవద్దు, రాత్రి ఎంతైనా సరే హాస్పిటల్‌కి ఫోన్ చేసి బయల్దేరండి. బాబుకి కూడా చెప్పండి, ఒళ్ళు వెచ్చగా అనిపిస్తే అమ్మకి వెంటనే చెప్పాలని. మా వాడు ఒకసారి నాకంటే ముందే కనిపెట్టాడు.