అల్లుడికి, ఎక్స్‌పీ గురించి

అల్లుడూ,

పాత విండోస్ ఎక్స్‌పీని కొత్త మిషన్లో ఎలా నడపాలో నిన్న ఫోన్లో సగమే చెప్పాను, ఇంతలో గిరాకీ వచ్చింది. మిగతాది రాస్తున్నాను, ఎదురుగా పెట్టుకుని చెయ్యి.

పేజీలు పేర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు వదిలెయ్యమని నేను అనను. చిక్కడపల్లి షాపులో మనం చేసిన పుస్తకాలన్నీ వాటిలోనే ఉన్నాయి. అవి అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ అక్షరాలు కావు కాబట్టి, ఫాంట్ లేని చోట ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. కానీ వాటిని నడిపే ఆ పాత ఎక్స్‌పీ డబ్బా ఇంకెన్నాళ్లు లాగుతుంది? 2014లోనే మైక్రోసాఫ్ట్ దానికి అప్‌డేట్లు ఆపేసింది. అందుకే కొత్త మిషన్లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రాం) వేసి, ఎక్స్‌పీని అందులో కూర్చోబెట్టు.

ముందు బయాస్‌లోకి (మిషన్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగ్స్‌లోకి) వెళ్లి వర్చువలైజేషన్ ఆన్ చెయ్యి. ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్ అనో, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అనో ఉంటుంది. నీకున్న 8 జీబీ ర్యామ్‌లో ఎక్స్‌పీకి 1 జీబీ చాలు. ఎక్కువిస్తే అది వేగంగా పరిగెత్తదు, బయటి విండోస్ మాత్రం మూలుగుతుంది. వర్చువల్‌బాక్స్‌లో ఆ ఎక్స్‌పీ సెట్టింగ్స్ తెరిచి నెట్‌వర్క్ అడాప్టర్ టిక్కు తీసెయ్యి. అప్‌డేట్లు లేని ఎక్స్‌పీకి ఇంటర్నెట్ చూపించకూడదు. ఫైళ్లు లోపలికీ బయటికీ మార్చుకోవడానికి షేర్డ్ ఫోల్డర్ ఒకటి పెట్టుకో. పేజీలు పీడీఎఫ్ చేసి బయటికి తెచ్చాకే ప్రింట్ ఇవ్వు.

అంతా సర్దాక వర్చువల్‌బాక్స్‌లో స్నాప్‌షాట్ తీసుకో, అంటే ఎక్స్‌పీ ఆ క్షణంలో ఎలా ఉందో అలా దాచిపెట్టడం. ఏదైనా చెడితే రెండు నిమిషాల్లో వెనక్కి వస్తావు. అయితే అదే బ్యాకప్ అనుకుని నేను దెబ్బతిన్నాను. ఉగాది ముందు, పంచాంగం పని సగంలో ఉండగా హార్డ్ డిస్క్ పోయింది. స్నాప్‌షాట్లు కూడా అందులోనే ఉన్నాయి కదా, అన్నీ కలిసే పోయాయి. నాలుగు రాత్రులు మళ్లీ టైపు కొట్టాం. ప్రతి శనివారం ఎక్స్‌పీని షట్‌డౌన్ చేసి, వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీ ఉన్న ఫోల్డర్ మొత్తం బయటి డిస్కులోకి కాపీ చెయ్యి.

ఇక మియాపూర్ ఇంటినుంచే షాపు మిషన్ నడపాలన్నావు. రిమోట్ డెస్క్‌టాప్‌తో అవుతుంది, కాకపోతే షాపు మిషన్లో విండోస్ ప్రో ఉండాలి. హోమ్ ఎడిషన్ బయటివాళ్లని లోపలికి రానివ్వదు. నెట్ కుర్రాడు "రౌటర్లో 3389 పోర్టు తెరిస్తే ఐదు నిమిషాల పని సార్" అంటాడు. రిమోట్ డెస్క్‌టాప్ వాడే తలుపు అది. ఒప్పుకోకు! తెరిచిన ఆ పోర్టు కోసం ప్రపంచమంతా వెతికేవాళ్లున్నారు. వీపీఎన్ (ఇంటికీ షాపుకీ మధ్య రహస్య దారి లాంటిది) పెట్టించుకుని దాని లోపలినుంచే వెళ్లు.

స్లీప్‌ని 'నెవర్' చెయ్యి, లేకపోతే ఇంట్లో కూర్చుని నిద్రపోయిన మిషన్‌ని పిలుస్తూ ఉంటావు. కరెంటు పోయి వచ్చాక దానంతట అదే ఆన్ అయ్యేలా బయాస్‌లో పెట్టు. విండో మూసేస్తే కనెక్షన్ తెగుతుంది కానీ పని అక్కడ నడుస్తూనే ఉంటుంది. సైన్ అవుట్ కొడితే మాత్రం అన్నీ మూసుకుపోతాయి. ఇంకోటి, నువ్వు లోపలికి వెళ్లగానే షాపులో స్క్రీన్ లాక్ అయిపోతుంది. మన కుర్రాడు పెళ్లికార్డు మధ్యలో ఉంటే ఊరికే తిట్టుకుంటాడు, ముందు ఒక ఫోన్ కొట్టు.

ఎక్స్‌పీ సీడీ నా బీరువాలో ఉంది, కీ నంబరు కవరు వెనక రాసి పెట్టాను. ఆదివారం రా. మీ అత్తయ్య పులిహోర చేస్తానంటోంది.

మీ మావయ్య