అమ్మానాన్నలతో హుస్సేన్ సాగర్ చుట్టూ నడవొచ్చా?

ఊరి నుంచి వస్తున్న అమ్మానాన్నలను రోజూ హుస్సేన్ సాగర్ దగ్గర నడిపించొచ్చా అని అడిగారు. తప్పకుండా తీసుకెళ్లండి. కాకపోతే ఒకే రోజు చెరువంతా చుట్టి రావాలని పెట్టుకోకండి. మా నాన్నతో నేను ఆ పొరపాటు చేశాను. ట్యాంక్‌బండ్ మీద హుషారుగా నడిచిన మనిషి, సచివాలయం వైపు ట్రాఫిక్‌లో రోడ్లు దాటేసరికి మోకాళ్లు పట్టేసి ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయారు. రెండు రోజులు గడప దాటలేదు. తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

తర్వాత పొద్దున ఒక వైపు, సాయంత్రం ఒక వైపు అనుకున్నాం. చెరువుకు తూర్పున ట్యాంక్‌బండ్, అంటే చెరువు కట్ట, పడమర నెక్లెస్ రోడ్. పొద్దున్నే నెక్లెస్ రోడ్డుకు వెళ్తే నీళ్లకు అవతల, కట్ట మీంచి సూర్యుడు లేస్తాడు. సాయంత్రం కట్ట మీద నిలబడితే చెరువు మధ్యలో ఉన్న బుద్ధుడి విగ్రహం వెనకాల దిగిపోతాడు. ఎండ ముదిరితే సంజీవయ్య పార్కులోకి వెళ్లండి, చెట్ల నీడ ఉంటుంది.

మా నాన్న రైతు. కట్ట ఎక్కగానే ఆయన అడిగిన మొదటి మాట, "తూము ఎక్కడరా? అలుగు ఎటు పోతది?" లోయర్ ట్యాంక్‌బండ్ వైపు చూపించాను. చెరువు నిండి అలుగు దాటిన నీళ్లు నాలాలో పడి మూసీలో కలుస్తాయి. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో తవ్వించిన చెరువు ఇది, 1591లో హైదరాబాద్ పుట్టక ముందే ఉంది. 1908 మూసీ వరద తర్వాత 1920లో గండిపేట చెరువు కట్టారు. అంతకుముందు ఈ నీళ్లు కూడా నగరం తాగేదని చెబితే నాన్న చాలాసేపు చెరువునే చూస్తూ ఉండిపోయారు. ఇప్పుడు నాలాల మురుగు వల్ల ఎండాకాలంలో వాసన వస్తుంది. అమ్మకు ఆయాసం ఉంటే ఆ రోజుల్లో వద్దు. వినాయక నిమజ్జనం రోజుల్లో కట్ట మీద క్రేన్లు, జనం. అప్పుడు నడక కుదరదు.

మొదటి రోజు సాయంత్రం ట్యాంక్‌బండ్‌తోనే మొదలుపెట్టండి, తొందరపెట్టకండి. ఎన్టీఆర్ హయాంలో పెట్టిన తెలుగు ప్రముఖుల విగ్రహాలు వరసగా ఉంటాయి. మా నాన్న ఒక్కో పేరూ పైకి చదువుతూ నడిచారు. మొల్ల దగ్గర ఆగి, పలక మీద దుమ్మును కండువాతో తుడిచి, మళ్లీ చదివారు.